నీటి అడుగున ఒంటరిగా: జోడీ మోసే బరువు ఎవరిది?

బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అని మనకు సామెత. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల కోసం ఊపిరి బిగబట్టి మునిగిన తూత్తుకుడి తీరపు మనుషుల గురించి చెప్పే ఒక మాట విన్నప్పుడల్లా నాకు ఆ సామెతే గుర్తుకొస్తుంది. మునిగే మనిషి తాడు కొస పడవలో ఉన్న మరొకరి చేతిలో ఉండేది. ఆ చెయ్యి బావమరిదిదైతే మేలని, తోబుట్టువు పసుపు కుంకుమలు తన పిడికిట్లో ఉన్నాయని ఎరిగినవాడు ఏమరుపాటున కూడా తాడు వదలడని చెబుతారు. జపాను తీరంలో మునిగే ఆమా స్త్రీలలోనూ ఇలాంటి పద్ధతి ఒకటి ఉంది: భార్య మునుగుతుంది, భర్త పడవలో ఉండి తాడు లాగుతాడు. రెండు చోట్లా నీళ్లలో ఉన్నది ఒక్కరే, తోడు ఉన్నది పైన.

స్కూబా వచ్చాక ఈ ఏర్పాటు తారుమారైంది. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన పరికరం, వీపు మీది సిలిండర్‌లోని గాలిని డైవర్ పీల్చినప్పుడు మాత్రమే, అతను ఉన్న లోతుకు సరిపడే పీడనంతో అందించింది. పైనుంచి గాలి గొట్టం అక్కర్లేకపోయింది, దానితోపాటు తాడూ పోయింది. తాడు పోయిన చోట ఇంకేదో ఒకటి ఉండాలి కాబట్టి, ఈత నేర్పేవాళ్ల దగ్గర అప్పటికే వాడుకలో ఉన్న జంట పద్ధతి సముద్రంలోకి వచ్చింది. 1953లో బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ పుట్టింది. 1959లో అమెరికాలో వైఎంసీఏ దేశవ్యాప్త స్కూబా శిక్షణ మొదలుపెట్టింది. 1966లో ప్యాడీ అనే శిక్షణ సంస్థ ఏర్పడింది. ఈ క్రమంలో, ఒంటరిగా దిగకూడదన్నది ప్రతి డైవరూ మొదటి రోజే వల్లించే పాఠమైంది. ఇవాళ నీటి అడుగున ఉద్యోగం చేసేవాళ్లు, అంటే ఓడల అడుగు భాగాలను, వంతెన స్తంభాలను తనిఖీ చేసే వృత్తి డైవర్లు, చాలాసార్లు ఒక్కరే దిగుతారు. వాళ్లకు పైనుంచి గొట్టం, మాట్లాడే తీగ, ఏ క్షణంలోనైనా దూకడానికి సిద్ధంగా గట్టున మరో డైవర్ ఉంటారు. తాడు లేకుండా, కేవలం జోడీని నమ్ముకుని దిగేది వినోదం కోసం దిగే మనలాంటివాళ్లమే.

ఒంటరి డైవింగ్ మీద వాదన మొదలవగానే జనం రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒక పక్షానికి అది ఆత్మహత్యాయత్నం, రెండో పక్షానికి ధ్యానం. రెండు పక్షాలూ అడగని ప్రశ్న ఒకటుంది: జోడీగా వచ్చిన మనిషి నిజానికి మన కోసం ఏమేమి మోసుకొస్తున్నాడు? దీనికి జవాబు రాసుకుంటే, వాటిలో ఏవి డబ్బు పెట్టి కొనుక్కోవచ్చో, ఏవి సాధనతో సంపాదించుకోవచ్చో, ఏవి ఎంత చేసినా ఒంటరి మనిషికి దక్కవో దానంతట అదే తేలిపోతుంది. ఏ సామాను కొనాలన్న ప్రశ్న కూడా అక్కడే తెగుతుంది.

అంతకు ముందు, ఒంటరితనం అంటే ఏమిటో ఒక మాట. ఒంటరిగా దిగాలని ముందే నిర్ణయించుకుని, అందుకు తగినట్టు సిద్ధమై దిగేవాళ్లు తక్కువ. ఇద్దరుగా దిగి, నీళ్లు మసకగా ఉండో ప్రవాహం లాక్కెళ్లో, లేదా ఒకరు కెమెరాతో రొయ్య ముందు పది నిమిషాలు కదలకుండా ఉండిపోయో ఒంటరులైనవాళ్లు చాలా ఎక్కువ. నలుగురు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని దిగే శిక్షకుడు కూడా లెక్క ప్రకారం ఒంటరే, ఎందుకంటే అతనికి ఏదైనా అయితే ఆదుకోగల స్థితిలో ఆ నలుగురిలో ఒక్కరూ ఉండరు. ఇక సెలవుల్లో అండమాన్ వెళ్లినప్పుడు పడవలో అప్పటికప్పుడు మన పక్కన కూర్చోబెట్టిన అపరిచితుడు ఉంటాడు. అతని పేరు తెలుసు, ఊరు తెలుసు, అతని ఆక్టోపస్ (జోడీకి గాలి ఇవ్వడానికి ఉంచుకునే రెండో మౌత్‌పీసు) పనిచేస్తుందో లేదో తెలియదు. బావమరిదా, దాయాదా అన్నది కష్టం వచ్చేదాకా తేలదు.

ఈ కలగాపులగం వల్లనే గణాంకాలు ఈ వాదనను తేల్చలేవు. నీటిలో ఒంటరిగా చనిపోయిన మనిషి ఒంటరిగా దిగాడా, జోడీ తప్పిపోయి ఒంటరయ్యాడా అన్నది నివేదికల్లో ఒకే గడిలో పడిపోతుంది. ఏ మనిషీ ఆదుకోలేని గుండెపోటు కూడా అదే గడిలో ఉంటుంది. అయితే మరణాలకు దారితీసిన మొదటి కారణం గురించి మాత్రం గట్టి సమాచారం ఉంది. అమెరికాలోని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 947 వినోద డైవింగ్ మరణాలను విశ్లేషించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రమాదానికి నాంది పలికిన అంశం తెలిసిన ఉదంతాల్లో 41 శాతం గాలి చాలకపోవడంతో మొదలయ్యాయి. ఎక్కడో చిక్కుకుపోవడం 20 శాతం, పరికరాల సమస్యలు 15 శాతం. ఈ మొదటి మూడింటిలో సొరచేపల ఊసు లేదు. కాబట్టి జోడీ మోసుకొచ్చేవాటిలో మొదట లెక్క చూడాల్సింది గాలి.

మనం సాధారణంగా అద్దెకు తీసుకునే అల్యూమినియం 80 సిలిండర్ లోపలి ఘనపరిమాణం సుమారు 11 లీటర్లు. 200 బార్ (ఒక బార్ అంటే దాదాపు నేల మీది గాలి పీడనం) పీడనానికి నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, 10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపు కావడం వల్ల 40 లీటర్లు, 30 మీటర్ల దగ్గర అది నాలుగు రెట్లు కావడం వల్ల 80 లీటర్లు ఖర్చు చేస్తాడు. ఇది ప్రశాంతంగా ఉన్నప్పటి లెక్క. గాలి ఆగిపోయిన క్షణంలో ఎవరూ ప్రశాంతంగా ఉండరు కాబట్టి, అత్యవసర లెక్కకు నీటి పైన నిమిషానికి 30 లీటర్లు వేసుకోవడం మంచిది.

ఇప్పుడు 30 మీటర్ల లోతులో రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం, చెడిందనుకుందాం. ఏం జరిగిందో గ్రహించి, ఆపద కోసం వెంట ఉంచుకునే ‘పోనీ’ అనే చిన్న సిలిండర్ తాలూకు మౌత్‌పీసు నోట్లో పెట్టుకుని, ఒకసారి తమాయించుకోవడానికి ఒక నిమిషం: నాలుగు బార్ల దగ్గర 120 లీటర్లు. అక్కడి నుంచి నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి మూడు నిమిషాల పైచిలుకు. దారిలో సగటు పీడనం రెండున్నర బార్లు కాబట్టి మరో 250 లీటర్లు. 5 మీటర్ల దగ్గర ముందుజాగ్రత్తగా ఆగే మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌కు 135. మొత్తం 505 లీటర్లు. 200 బార్లకు నింపిన మూడు లీటర్ల పోనీ సిలిండర్‌లో 600 లీటర్లుంటాయి. అమెరికా కొలతలో 19 ఘనపుటడుగుల పోనీలో దాదాపు 540. అంటే ఈ రెండూ 30 మీటర్లకు సరిపోతాయి, రెండోది అంచు మీద సరిపోతుంది. 13 ఘనపుటడుగులదైతే సుమారు 370 లీటర్లే కాబట్టి 30 మీటర్లకు చాలదు. అదే 18 మీటర్ల నుంచి పైకి రావడానికి ఇదే పద్ధతిలో లెక్క వేస్తే 333 లీటర్లు వస్తుంది, దానికి ఆ చిన్నది సరిపోతుంది.

చేతిలో ఇమిడిపోయే స్పేర్ ఎయిర్ లాంటి పరికరాన్ని ఒంటరి డైవింగ్‌కు కొందామనుకునేవాళ్లు ఈ లెక్కలోనే దాన్నీ చూడాలి. దాని పెద్ద రకంలో పట్టేది సుమారు 85 లీటర్లు. మన లెక్క ప్రకారం 30 మీటర్ల దగ్గర నిమిషానికి 120 లీటర్లు కావాలి; అంటే నలభై రెండు సెకన్లు. తమాయించుకునే నిమిషం కూడా పూర్తి కాదు. నీళ్లలో కూలిన హెలికాప్టర్ నుంచి బయటపడటానికి అది మంచి వస్తువే. పది మీటర్ల లోపు నుంచి నేరుగా పైకి రావడానికీ పనికొస్తుంది. అంతకు మించి దాన్ని నమ్ముకోవడం తాయెత్తు కట్టుకోవడం లాంటిది.

పోనీ కొనడంతో కథ అయిపోదు, దాన్ని ఎక్కడ, ఎలా మోస్తామన్నది ఇంకా ముఖ్యమని నాకు బాలి ద్వీపంలోని తులంబెన్‌లో తెలిసింది. అక్కడ 1942లో జపాను జలాంతర్గామి టార్పెడోకు గురై ఒడ్డుకు చేరిన అమెరికా సరుకుల ఓడ లిబర్టీ, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారి, ఒడ్డు నుంచే ఈదుకుంటూ వెళ్లగలిగిన దూరంలో ఒరిగి ఉంది. ఊరి ఆడవాళ్లు సిలిండర్లను తలమీద పెట్టుకుని నల్లటి గుండ్రాళ్ల మీద చెప్పులు జారకుండా నడిచి నీటి అంచుకు చేరుస్తారు. మనం ఖాళీ చేతులతో నడవడానికే తడబడతాం. నూట ముప్పై డైవ్‌లు పూర్తయ్యాక ఒంటరి డైవింగ్ కోర్సు కోసం అక్కడికి వెళ్లాను. శిక్షకుడు నా వెనక దూరంగా వస్తాడు, జోక్యం చేసుకోడు అన్నది ఏర్పాటు. నా పోనీని ప్రధాన సిలిండర్‌కు పక్కనే పట్టీతో బిగించాను. రెండు సెకండ్ స్టేజ్‌లూ, అంటే మౌత్‌పీసులూ, ఒకే కంపెనీవి, రెండూ నలుపే.

ఓడ వెనక భాగం దగ్గరికి చేరి, సిలిండర్‌లో మిగిలిన గాలిని చూపే గేజ్ చూసుకుంటే ముల్లు 200 మీద ఉంది. ఎనిమిది నిమిషాలైంది, పన్నెండు మీటర్ల లోతులో ఉన్నాను, ముల్లు మాత్రం బయల్దేరిన చోటనే ఉంది. నా మొదటి స్పందన, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, సంతోషం: ఈ రోజు ఎంత పొదుపుగా పీలుస్తున్నానో అనుకున్నాను. గేజ్‌ను వేలితో తట్టాను. అప్పుడు గానీ అర్థం కాలేదు. గుండ్రాళ్ల మీద అలలు కొడుతుంటే ఆదరాబాదరాగా నోట్లో పెట్టుకున్నది పోనీ తాలూకు మౌత్‌పీసు. దాని చిన్న గేజ్ నా భుజం వెనక ఉంది, నాకు కనబడదు. ఒడ్డుకొచ్చాక చూస్తే అందులో 120 బార్లు మిగిలాయి. ఇంకో పది నిమిషాలు గడిస్తే ఆపదకు దాచుకున్న గాలి అయిపోయేది, ప్రధాన సిలిండర్ నిండుగా ఉంది కాబట్టి ఆ పూటకు చావను, కానీ లోతులో గాలి ఠక్కున ఆగిపోయిన కంగారులో ఏం చేసి ఉండేవాణ్నో చెప్పలేను. శిక్షకుడు నీటి అంచునే ఆ పొరపాటు గమనించి, నేనెప్పుడు కనిపెడతానో చూద్దామని ఊరుకున్నాడట. ఆయన మీద కోపం తగ్గడానికి భోజనం దాకా పట్టింది.

అప్పటి నుంచి నా పోనీ వీపు మీద లేదు. ఎడమ వైపు భుజం రింగుకూ నడుము రింగుకూ కొక్కేలతో తగిలించి ఛాతీ పక్కగా వేలాడుతుంది. వాల్వ్ కంటికి కనబడుతుంది, గేజ్ కంటికి కనబడుతుంది. దిగే ముందు వాల్వ్ ఒకసారి తెరిచి గొట్టంలో గాలి నింపి మళ్లీ మూసేస్తాను. పొరపాటున దాన్నే నోట్లో పెట్టుకుంటే రెండు మూడు పీల్పుల్లోనే గాలి ఆగిపోయి, ఇంకా మోకాళ్ల లోతు నీళ్లలో ఉండగానే తప్పు తెలిసిపోతుంది. మౌత్‌పీసు మీద పసుపు మూత, గొట్టానికి పసుపు తొడుగు. మూసిన వాల్వ్‌ను అవసరం వచ్చినప్పుడు తెరవడానికి ఒక క్షణం అదనంగా పడుతుందన్న అభ్యంతరం సరైనదే. ఆ క్షణం కోసమే ప్రతి డైవ్ చివర్లో ఒకసారి పోనీకి మారి నాలుగు ఊపిర్లు తీస్తాను.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. మన రెగ్యులేటర్‌కు ఇప్పటికే రెండు మౌత్‌పీసులున్నాయి కదా, ఆక్టోపస్ ఉండగా పోనీ ఎందుకు అని కొందరడుగుతారు. ఆక్టోపస్ ఉన్నది జోడీ కోసం, మన కోసం కాదు. రెండు మౌత్‌పీసులూ ఒకే ఫస్ట్ స్టేజ్ (వాల్వ్‌కు బిగించే, గాలి పీడనం తగ్గించే భాగం) నుంచి, ఒకే వాల్వ్ నుంచి, ఒకే సిలిండర్ నుంచి పీలుస్తాయి. ఆ మూడింటిలో ఏది పోయినా రెండు మౌత్‌పీసులూ పోయినట్టే. ఒకే సిలిండర్ మెడకు రెండు వాల్వ్‌లు పెట్టే హెచ్ వాల్వ్ కొంత మెరుగు: ఒక రెగ్యులేటర్ చెడితే దాన్ని కట్టేసి రెండోదానికి మారవచ్చు. కానీ గేజ్ చూడటం మరచి గాలే అయిపోగొట్టుకున్నవాణ్ని అది కాపాడదు, 41 శాతం అన్న అంకె చెబుతున్నది గాలి అలా చాలకపోవడం గురించే.

పోనీకి పైమెట్టు రెండు పూర్తి సిలిండర్లు. వీపున జంటగా, మధ్యలో ఐసోలేటర్ (రెండింటినీ విడదీసే వాల్వ్) ఉన్న మానిఫోల్డ్ గొట్టంతో కలిపినవి ఒక రకం. ఇందులో ఏ రెగ్యులేటర్ చెడినా దాని వాల్వ్ కట్టేసి మొత్తం గాలిని రెండో వైపు నుంచి వాడుకోవచ్చు. ఆ వాల్వ్‌లు తల వెనక ఉంటాయి. భుజం కీళ్లు బిగిసినవాళ్లు, మందపాటి సూట్ వేసుకున్నవాళ్లు చేత్తో వాటిని అందుకోలేకపోతే ఆ ఏర్పాటు అలంకారమే. రెండో రకం సైడ్‌మౌంట్: చెరో చంకలో ఒక సిలిండర్, రెండింటికీ ఎలాంటి సంబంధం లేదు. గుహల్లో ఇరుకు దారుల కోసం పుట్టిన ఈ పద్ధతి ఒంటరి డైవర్‌కు అతికినట్టు సరిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే జోడీ మోసుకొచ్చేవాటిలో రెండోది, అంటే మన వెనక చూసే కళ్లు, ఇందులో అవసరం లేకుండా పోతాయి. వీపున ఉన్న వాల్వ్ దగ్గర ఓ-రింగ్ (గాలి కారకుండా పెట్టే రబ్బరు వలయం) నుంచి సన్నగా బుడగలు పోతుంటే జోడీ చూసి చెప్పాలి; సైడ్‌మౌంట్‌లో తల వంచితే మనకే కనబడుతుంది. కాకపోతే ఒక సిలిండర్ నుంచి పీలుస్తూ పోతే అది తేలికై శరీరం ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి, నియమిత పీడనాల దగ్గర మౌత్‌పీసు మార్చుకుంటూ ఉండాలి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. అలలు కొట్టే ఒడ్డు నుంచి దిగడానికి మాత్రం ఇది చికాకు పెడుతుంది.

పరికరం ఎలా చెడుతుందో తెలియకుండా ఎన్ని కొన్నా నిష్ఫలం. ఇప్పటి రెగ్యులేటర్లు ఎక్కువగా గాలి ఆగిపోయేలా చెడవు. ఆగకుండా పొంగిపోయేలా చెడతాయి, అలాగే రూపొందించారు. కాబట్టి ఒంటరి డైవర్‌కు ఎదురయ్యే ఘట్టం నిశ్శబ్దం కాదు, ముఖం చుట్టూ హోరుమని లేచే బుడగలు. గొట్టాల విషయంలో కంటికి కనిపించేది మోసం చేస్తుంది: గేజ్‌కు వెళ్లే గొట్టంలో 200 బార్ల పీడనం ఉంటుంది కాబట్టి అది తెగితే ప్రళయం అనుకుంటాం. నిజానికి ఫస్ట్ స్టేజ్‌లో ఆ దారి సూదిమొన అంత రంధ్రమే కావడంతో గాలి నెమ్మదిగా పోతుంది. మౌత్‌పీసుకో బీసీడీకో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్టు) వెళ్లే తక్కువ పీడనపు గొట్టం తెగితేనే సిలిండర్ చూస్తుండగా ఖాళీ అవుతుంది. ఏ గొట్టం తెగినా చేయాల్సింది ఒకటే, పోనీకి మారి పైకి రావడం. ఇక అద్దె సిలిండర్ల దగ్గర రెగ్యులేటర్ బిగింపు సంగతి: వాల్వ్‌ను చుట్టి పట్టే యోక్ బిగింపులో ఓ-రింగ్ వాల్వ్ ముఖం మీద ఉండి, రెగ్యులేటర్‌కు దెబ్బ తగిలితే బయటికి పొడుచుకొచ్చే వీలుంది, మరలు తిప్పి బిగించే డిన్ రకంలో అది లోపల బంధించి ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు డిన్ రెగ్యులేటర్ కొని, యోక్ వాల్వ్‌లున్న చోటికి ఒక అడాప్టర్ వెంట తీసుకెళ్లడం మేలు.

జోడీ మోసుకొచ్చేవాటిలో మూడోది చేతులు, వాటితో చేసే పనుల్లో ప్రధానమైనది చిక్కు విడదీయడం. మన తూర్పు తీరంలో రాళ్ల చుట్టూ తెగిపోయిన వలలు, గాలపు నైలాన్ దారాలు ఉంటాయి. మసక నీళ్లలో దారం కనబడదు, కాలి ఫిన్ పట్టీకో సిలిండర్ వాల్వ్‌కో తగులుకున్నాకే తెలుస్తుంది. పిక్కకు కట్టుకునే పెద్ద కత్తి ఫొటోలో బాగుంటుంది గానీ, చేతులు దగ్గరగా చిక్కుకుపోయినప్పుడు పిక్కను అందుకోలేం. బిగువుగా లేని నైలాన్‌ను కత్తి కోయదు, ముందుకు తోసేస్తుంది. ఆంబులెన్సు సిబ్బంది బట్టలు కత్తిరించడానికి వాడే మొద్దుకొన కత్తెర ఒకటి, చిన్న బ్లేడు ఉన్న లైన్ కట్టర్ ఒకటి, ఒకటి ఛాతీ మీద, మరొకటి నడుము పట్టీకి, ఏ చేత్తోనైనా అందేలా పెట్టుకుంటే చాలు. రెండూ కలిపినా ఒక మంచి మాస్కు ఖరీదు కావు. మాస్కు ప్రస్తావన వచ్చింది కాబట్టి, రెండోది జేబులో ఉండాలి. డైవ్ కంప్యూటర్ కూడా రెండోది ఉండాలి, అది పాతదైనా సరే.

తేలడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. బీసీడీ చిరిగితే పైకి తెచ్చే జోడీ లేడు కాబట్టి రెండు గాలి సంచులున్న వింగ్ రకం బీసీడీ కొనమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఉష్ణ జలాల్లో పలుచటి సూట్‌తో, ఒకే అల్యూమినియం సిలిండర్‌తో దిగేవాళ్లకు అది అక్కర్లేదు, వాళ్లకు కావాల్సింది బెల్టు లోంచి రెండు కిలోల సీసం తీసేయడం. నిండు సిలిండర్‌లోని గాలి బరువు రెండున్నర కిలోల పైచిలుకు. దిగేటప్పుడు ఆ మేరకు మాత్రమే బరువుగా ఉంటే, బీసీడీ పూర్తిగా చిరిగినా ఫిన్‌లతో తన్నుకుంటూ పైకి రాగలం. అద్దె పడవల్లో కొత్తవాళ్లు త్వరగా మునగాలని బెల్టు నిండా సీసం వేస్తారు, ఆ అలవాటుతోనే నూరు డైవ్‌లు చేసినవాళ్లను చూశాను.

కొనుక్కోలేని దానికి వచ్చాం. జోడీ మోసుకొచ్చే నాలుగోది, రెండో మనిషి మతి. ముప్పై మీటర్లు దాటాక నత్రజని మత్తు మొదలైతే, మత్తులో ఉన్నామన్న సంగతి మత్తులో ఉన్నవాడికి తెలియదు, ఎదుటివాడికి తెలుస్తుంది. అంతకంటే తీవ్రమైనది స్పృహ తప్పడం. పోనీ ఎంత పెద్దదైనా, స్పృహ లేని చెయ్యి దాన్ని అందుకోదు. ఇందాకటి అధ్యయనంలోనే, మనిషిని నిస్సహాయుణ్ని చేసిన గాయాల్లో 26 శాతం గుండెకు సంబంధించినవి. దానికి తోడు, నీట మునిగినప్పుడు ఊపిరితిత్తుల్లో ద్రవం చేరే రుగ్మత ఒకటుంది. శరీరం నీళ్లలో ఉండగా కాళ్లలోని రక్తం ఛాతీలోకి చేరుతుంది. చల్లటి నీరు, శ్రమ, అధిక రక్తపోటు తోడైతే ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల నుంచి ద్రవం గాలి గదుల్లోకి ఊరుతుంది. బాధితుడికి మొదట అనిపించేది తన రెగ్యులేటర్ గాలి ఇవ్వడం లేదని. కాబట్టి పోనీకి మారినా ఆయాసం తగ్గకపోతే తప్పు పరికరానిది కాదు, ఒంటిదని గ్రహించి, ఇంకేమీ ఆలోచించకుండా నీళ్లలోంచి బయటపడాలి. నలభై దాటి, బీపీ మాత్రలు వేసుకునే మనిషి ఒంటరిగా దిగాలనుకుంటే సిలిండర్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది గుండె పరీక్షకు. ఈ ఒక్క అంశంలో ఒంటరి డైవింగ్‌ను వ్యతిరేకించేవాళ్లదే పైచెయ్యి, దీనికి నా దగ్గర సమాధానం లేదు.

ఈ లోటును తగ్గించుకునే మార్గం లోతు తగ్గించుకోవడమే. ఒంటరిగా 18 మీటర్లు దాటను, ఓడల లోపలికీ గుహల్లోకీ వెళ్లను, డికంప్రెషన్ (పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగుతూ రావడం) అవసరమయ్యేంత సేపు ఉండను, అంతకు ముందు తెలియని చోట దిగను. శిక్షణ సంస్థలు కూడా ఒంటరి డైవింగ్‌ను ఇలాంటి కంచెల మధ్యనే ఒప్పుకున్నాయి. సాంకేతిక డైవింగ్ నేర్పే టీడీఐకి తోబుట్టువైన ఎస్‌డీఐ ముందుగా ఒంటరి డైవర్ కోర్సును తెచ్చింది. ఏళ్ల తరబడి జంట పద్ధతికి నిలయమైన ప్యాడీ 2011లో దాదాపు అవే పాఠాలకు సెల్ఫ్ రిలయంట్ డైవర్ అని పేరు పెట్టింది, ఒంటరి అన్న మాట నోట రాకుండా. రెండింటికీ కనీసం నూరు డైవ్‌ల అనుభవం ఉండాలి. కోర్సులో ఎక్కువ భాగం, ఇక్కడ మనం చేసిన గాలి లెక్కను సొంత పీల్పు వేగంతో నీళ్లలో కొలిచి మళ్లీ చేయడమే.

మన దేశంలో ఈ కోర్సు పూర్తి చేసినట్టు కార్డు చూపించినా డైవ్ సెంటర్లు సాధారణంగా గైడ్ లేకుండా పంపవు. రుషికొండలో గానీ అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో గానీ ఎక్కువగా వచ్చేది మొదటిసారి దిగేవాళ్లు కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. అయినా తెలుగువాళ్లకు ఈ శిక్షణ వృథా అని నేననుకోను. ఏడాదికోసారి సెలవు పెట్టుకుని, ప్రతిసారీ ఒక కొత్త అపరిచితుడితో జతకట్టి దిగే మనిషికి, తన గాలి తాను మోయడం, తన చిక్కు తాను కోసుకోవడం తెలిసి ఉంటే ఆ జోడీ ఎలాంటివాడైనా నష్టం లేదు. ఇద్దరూ అలాంటివాళ్లే అయితే అది జంట డైవింగ్‌లోకెల్లా మేలైనది. సామాను విషయంలోనూ అంతే: పోనీ, కత్తెర, రెండో మాస్కు కొన్నవాళ్లలో నిజంగా ఒంటరిగా దిగేవాళ్లు ఎందరో గానీ, జోడీతో దిగేటప్పుడు వాటిని ఇంట్లో వదిలి రావడానికి నాకైతే కారణం కనబడదు.

చివరిగా నీటి పైభాగం. పైకొచ్చాక కనబడకపోవడం అడుగున జరిగే ఆపద కంటే తక్కువది కాదు. అలల మధ్య తేలే తల వంద మీటర్ల దూరం నుంచే పడవవాడికి కొబ్బరికాయలా ఉంటుంది. కింద నుంచే దారంతో వదిలే, గాలి నిండి పైన నిలబడి మన చోటు చూపే నారింజ రంగు ఎస్‌ఎంబీ గొట్టం, ఈల, చిన్న అద్దం, పగలైనా ఒక టార్చి తప్పనిసరి. ప్రవాహాలున్న చోట ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్‌ను నీరు చొరని డబ్బాలో పెట్టుకోవచ్చు. మన దేశంలో ఆ సంకేతాలను అందుకునేది బెంగళూరులోని ఇస్రో కేంద్రం, బీకన్‌ను ముందే అక్కడ నమోదు చేయించుకోవాలి.

వీటన్నిటి కంటే చవకైనది ఒక కాగితం. ఒంటరిగా దిగిన ప్రతిసారీ ఒడ్డున ఒక మనిషి దగ్గర దాన్ని వదిలి వెళ్తాను: ఎక్కడ దిగుతున్నాను, ఎటు వెళ్తాను, ఎంత లోతు, ఎన్నింటికి బయటికొస్తాను, ఆ సమయానికి ఇంకో ఇరవై నిమిషాలు కలిపి నేను కనబడకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. తీర రక్షక దళం నంబరు 1554 కింద గీత గీసి ఉంటుంది. పోయినసారి ఆ కాగితం పట్టుకుని కూర్చున్నది నా బావమరిదే. ఈత రాదు, సముద్రమంటే భయం, వాచీ మాత్రం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది. నేను నీళ్లలోంచి లేచేసరికి ఫోన్‌లో 155 దాకా నొక్కి నిలబడి ఉన్నాడు.